2009 నాటి ప్యూజో 308 డీజిల్ కొనే ముందు

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో లక్ష మైళ్లు తిరిగిన 2009 నాటి ప్యూజో 308, 110 హార్స్‌పవర్ 1.6 హెచ్‌డీఐ డీజిల్ కారును నమ్మి కొనవచ్చా అని అడిగారు. ఆ 16 వాల్వుల ఇంజన్ మంచిదే కానీ, ఆయిల్ మార్పును వాయిదా వేస్తే సహించదు. ఇంజన్‌లోకి డీజిల్‌ను చిమ్మే ఇంజెక్టర్ల అడుగున ఉండే సీళ్లు వదులైతే మండిన వాయువులు పైకి తన్నుకొస్తాయి. వాటి మసి ఆయిల్‌లో కలిసి గట్టిపడి, ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే టర్బోకు ఆయిల్ అందించే సన్నని గొట్టంలోని జాలీని మూసివేస్తుంది. ఆయిల్ అందని టర్బో ఎంతో కాలం నిలవదు.

అందుచేత ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే వెళ్లి, పైమూత తీయించి, ఇంజెక్టర్ల చుట్టూ తారులాంటి నల్లని పదార్థం పేరుకుందేమో చూడండి, స్టార్ట్ చేయగానే బుసబుసమనే శబ్దం వస్తుందేమో వినండి. అమ్మేవారు ముందే ఇంజన్ వేడిచేసి ఉంచితే నాకైతే అనుమానమే. ఆయిల్, టైమింగ్ బెల్టు మార్పించిన బిల్లులు తప్పక అడగండి. ఎంఓటీ, అంటే బ్రిటన్‌లో వాహనాలకు ఏటా చేసే తప్పనిసరి తనిఖీ, దాని చరిత్రను ప్రభుత్వ వెబ్‌సైటులో కారు నంబరుతో ఉచితంగా చూడవచ్చు. మైళ్ల లెక్క నిజమో కాదో చాలావరకు అక్కడే తేలుతుంది.

అయితే మీరు రోజూ ఆఫీసుకు నాలుగు మైళ్లే నడుపుతానన్నారు. అంత తక్కువ దూరంలో పొగగొట్టంలోని మసి ఫిల్టరు తనలోని మసిని కాల్చివేసుకునేంతగా వేడెక్కదు, కాబట్టి బిల్లులు ఎంత సక్రమంగా ఉన్నా మీకు పెట్రోలు కారే తగినది.