నియమితుడు ఎప్పుడు నియంత అయ్యాడు?

సందేహం: హైస్కూలు పిల్లలకు చరిత్ర చెబుతున్నాను. 'నియంత' అంటే రథసారథి అని నిఘంటువులో కనిపించింది. అంత మంచి మాటను హిట్లర్‌కు వాడవచ్చా? 'హిట్లర్ 1933 జనవరి 30న జర్మనీ నియంత అయ్యాడు' అని పిల్లలు రాస్తే దిద్దాలా? 'నియంతత్వం' సరైనదా, 'నియంతృత్వం' సరైనదా? (ఒక ఉపాధ్యాయురాలు)

సమాధానం: చివరిది ముందు తేల్చేద్దాం. నియంతృత్వమే సరైనది. నేతృత్వం, వక్తృత్వం ఎలాగో ఇదీ అలాగే.

మిగిలిన రెండు ప్రశ్నలూ నిజానికి ఒకటే. నిఘంటువు మీకు చెప్పింది సత్యం. "నియంతా ప్రాజితా యంతా సూతః క్షత్తా చ సారథిః" అని సంస్కృత నిఘంటువు అమరకోశం సారథి పేర్లు ఏకరువు పెట్టింది. అందులో మొదటిదే నియంత, అంటే పగ్గాలు బిగించి పట్టేవాడు. అయితే ఈ మాట లోతు తెలియాలంటే కాళిదాసు దగ్గరికి వెళ్లాలి. రఘువంశం మొదటి సర్గలో దిలీప మహారాజును గురించి ఇలా అన్నాడు:

రేఖామాత్రమపి క్షుణ్ణాదామనోర్వర్త్మనః పరమ్ |
న వ్యతీయుః ప్రజాస్తస్య నియంతుర్నేమివృత్తయః ||

మనువు నాటినుంచి నలిగిన బాటను దిలీపుడి ప్రజలు గీతంతైనా దాటలేదట. మంచి సారథి తోలే రథచక్రాల అంచులు పాత జాడలోనే సాగిపోతాయి కదా, అలా నడిచారట. 'నియంతుః' అన్న ఒక్క మాటలో పాలకుడూ ఉన్నాడు, సారథీ ఉన్నాడు. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ బాట ఎవరు వేసింది? మనువు. దిలీపుడి చేతిలో ఉన్నవి పగ్గాలు మాత్రమే. బాట ఆయనకంటే పాతది, ఆయనకూ అదే హద్దు. కాళిదాసు రాజును పొగిడిన శ్లోకంలో రాజుకు గీత కూడా గీశాడు. ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు పులకరించే చోటు ఇది.

ఇదే మాట మన ఇళ్లలో మరోచోట రోజూ వినిపిస్తుంది. విష్ణుసహస్రనామంలో "అపరాజితః సర్వసహో నియంతాఽనియమోఽయమః" అని ఉంది. అన్నిటికీ నియంత అయినవాడికి ఇంకొక నియంత ఉండడు కనుక ఆయన అనియముడు అని శంకరుల వ్యాఖ్యానం. అందరినీ కట్టడి చేస్తూ తాను ఏ కట్టడికీ లొంగని స్థితిని మనవాళ్లు దేవుడికి మాత్రమే ఇచ్చారు. రాజుకు ఇచ్చింది దిలీపుడి నియంతృత్వం, జాడ తప్పనిది. మనిషి ఆ దేవుడి రకం నియంతృత్వానికి చెయ్యి చాస్తే ఏమవుతుందో జర్మనీ చూసింది.

ఇప్పుడు మీ తేదీ సంగతి. 1933 జనవరి 30న హిట్లర్‌ను ఛాన్సలర్‌గా, అంటే ప్రభుత్వాధినేతగా, అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ నియమించాడు. అంటే ఆ రోజు హిట్లర్ నియమితుడు. అతనితో కలిసి మంత్రివర్గంలో చేరిన నాజీలు ఇద్దరే, ఫ్రిక్, గోరింగ్. అంతకుముందు నవంబరు ఎన్నికల్లో ఆ పార్టీకి వచ్చిన ఓట్లు 33.1 శాతం. నియమించిన అధ్యక్షుడికి తొలగించే అధికారమూ ఉంది. నియమితుడు, నియంత ఒకే ధాతువు నుంచి వచ్చిన మాటలు. ఒకటి పగ్గం పడినవాడి పేరు, రెండోది పగ్గం పట్టినవాడి పేరు. మొదటి పేరు నుంచి రెండో పేరుకు చేరడానికి హిట్లర్‌కు ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరే పాఠం. దాన్ని ఒక్క తేదీలోకి కుదిస్తే పిల్లలకు మిగిలేది ఏముంది?

ఫిబ్రవరి 27 రాత్రి పార్లమెంటు భవనం, రైఖ్‌స్టాగ్, తగలబడింది. మర్నాడే అత్యవసరాధికారాలిచ్చే రాజ్యాంగం 48వ అధికరణం కింద అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. వ్యక్తి స్వేచ్ఛ, ఇంటి భద్రత, ఉత్తరాల గోప్యత, మాట్లాడే హక్కు, సభ పెట్టుకునే హక్కు, సంఘం పెట్టుకునే హక్కు, ఆస్తి హక్కు, ఈ ఏడింటి అధికరణాలూ ఒక్క సంతకంతో ఆగిపోయాయి. "తదుపరి ఉత్తర్వుల వరకు" అన్నారు. 1945 దాకా అవి తిరిగి రాలేదు. ఆ భయం నీడలో మార్చి 5న జరిగిన ఎన్నికల్లో కూడా నాజీలకు 43.9 శాతమే వచ్చింది.

మార్చి 23న క్రోల్ ఒపేరా భవనంలో పార్లమెంటు సమావేశమై, శాసనాలు చేసే అధికారాన్ని మంత్రివర్గానికి అప్పగించింది. అనుకూలం 444, ప్రతికూలం 94. ఆ 94 మందీ సోషల్ డెమోక్రాట్లే. వారి తరఫున ఓటో వెల్స్ నిలబడి మాట్లాడాడు. కమ్యూనిస్టు సభ్యులను సభలోకే రానివ్వలేదు. ప్రజల, దేశపు కష్టాలు తీర్చే చట్టం అని దానికి పేరు పెట్టారు. ఆ చట్టంలోనే హిట్లర్ ప్రభుత్వం తనకు తాను మూడు గీతలు గీసుకుంది. నాలుగేళ్లే గడువు. పార్లమెంటు రెండు సభల వ్యవస్థా చెక్కుచెదరదు. అధ్యక్షుడి హక్కుల జోలికి పోరు.

కాళిదాసు అన్న 'రేఖామాత్రమపి' ఇక్కడ గుర్తు చేసుకోండి. జులై 14 నాటికి నాజీ పార్టీ తప్ప వేరే పార్టీ ఉండటమే నేరమైంది. 1934 ఫిబ్రవరిలో రాష్ట్రాల సభ రైఖ్‌స్రాట్‌ను రద్దు చేశారు. ఒక గీత చెరిగింది. జూన్ 30 మొదలు తన పార్టీ సొంత దళం నాయకుడు ఎర్నెస్ట్ రోమ్‌నూ ఇంకా ఎందరినో చంపించి, ఆ హత్యలు న్యాయసమ్మతమే అని జులై 3న ఒకే వాక్యంతో చట్టం చేయించాడు. ఆగస్టు 2న హిండెన్‌బర్గ్ చనిపోయాడు. అధ్యక్ష పదవిని ఛాన్సలర్ పదవిలో కలిపే చట్టం ఆ ముందురోజే సిద్ధమైంది. రెండో గీతా పోయింది. నాలుగేళ్ల గడువును 1937 నుంచి పొడిగిస్తూనే పోయారు. అంతవరకు ప్రజలకూ దేశానికీ విధేయులమని ప్రమాణం చేసిన సైనికులు ఆగస్టు 2న అడాల్ఫ్ హిట్లర్ అనే మనిషికి, పేరు పెట్టి, ప్రమాణం చేశారు. నియమితుణ్ణి తొలగించగలవాడు ఇక ఎవడూ లేడు. సహస్రనామం దేవుడికి చెప్పిన 'అనియముడు' ఒక మనిషికి పట్టింది.

కాబట్టి అమ్మా, జనవరి 30న 'నియంత అయ్యాడు' అని రాస్తే దిద్దండి. 'ఛాన్సలర్‌గా నియమితుడయ్యాడు' అని రాయించండి. 'అధికారం చేజిక్కించుకున్నాడు' అన్నా ఆ రోజుకు పొసగదు. చేజిక్కించుకోబోయి భంగపడింది 1923లో, మ్యూనిక్‌లో. జనవరి 30న అధికారం ఇంకొకరి చేతి మీదుగా వచ్చింది, ఆ చేతి బాధ్యత వాక్యంలో కనబడాలి. మార్చి 23న నియంత అయ్యాడని రాసినవారికి మార్కులు కోయకండి, శాసనాధికారం ఆనాడే దక్కింది. నా మొగ్గు మాత్రం 1934 ఆగస్టు 2 వైపు.

హిట్లర్‌కు ఆ మాట వాడవచ్చా అంటే, వాడుక స్థిరపడిపోయింది, ఇప్పుడు వెనక్కి లాగలేం. రోమన్ల డిక్టేటర్ కూడా మొదట ఆరు నెలల గడువుతో చట్టం ఒప్పుకున్న పదవే, ఆ మాటకూ ఇలాగే రంగు మారింది. మీకు మనసొప్పకపోతే 'నిరంకుశుడు' ఉంది, అంకుశానికి లొంగని ఏనుగును చూపే మాట. 1934 తర్వాతి హిట్లర్‌కు అది ఇంకా బాగా అతుకుతుందేమో. కానీ పత్రికలవారు గట్టిగా మాట్లాడే ప్రతి ప్రిన్సిపాల్‌నీ, సెలవివ్వని ప్రతి అధికారినీ నియంత అనేస్తున్నారు. అది నాకు కష్టంగా ఉంటుంది. వారికి 'కఠినుడు', 'మొండివాడు' సరిపోతాయి.