ఉప్పు నీళ్లలో రొయ్యకు ఏ ఉప్పు కరవైంది?

ప్రశ్న: ఎకరం చెరువులో వనామీ రకం రొయ్య వేశాను. బోరు నీళ్లే ఆధారం, ఉప్పదనం 5 పి.పి.టి. (వెయ్యి పాళ్లలో 5 పాళ్లు). విసురు వల వేసి తీస్తే కొన్ని రొయ్యలు కొక్కెంలా వంగి అలాగే బిగుసుకుపోతున్నాయి. గుల్ల వదిలినవి రెండు రోజులైనా మెత్తగానే ఉంటున్నాయి. సున్నం చల్లాను, ఉప్పు బస్తాలూ వేశాను. ఫలితం లేదు. ఉప్పు నీళ్లకు ఇంకా లవణాలు ఎందుకండీ?
– ఒక రైతు, విడవలూరు మండలం

జవాబు: మా నాన్నగారు ఇసకపల్లి ఉప్పు మడుల్లో పనిచేసేవారు. ఉప్పు పేరుకున్నాక మడిలో కాస్త చిక్కటి నీరు మిగులుతుంది. దాన్ని బయటకు వదిలేస్తారు. చిన్నప్పుడు అందులో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాను. ఉప్పదనాన్ని మించిన చేదు! ఆ చేదు మెగ్నీషియానిది. పొటాషియమూ చాలావరకు ఆ నీటిలోనే ఉండిపోతుంది. మీరు వేసిన బస్తాలో ఉన్నది దాదాపు అంతా సోడియం క్లోరైడే. మీ రొయ్యలు వెతుక్కుంటున్నది మడి దగ్గరే పోయింది.

ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరు అద్దం మీద చుక్క వేస్తే కనిపించే 5 మొత్తం ఉప్పదనం మాత్రమే. అందులో ఏ అయాను (నీటిలో కరిగి విద్యుదావేశంతో ఉండే లవణ భాగం) ఎంతో అది చెప్పదు. సముద్రపు నీటిని అంతే పలచన చేస్తే లీటరులో పొటాషియం సుమారు 55, మెగ్నీషియం 190, కాల్షియం 58 మిల్లీగ్రాములు ఉంటాయి. బోరు నీటిలో ఈ పాళ్లు ఉండాలని లేదు. ముఖ్యంగా పొటాషియాన్ని బంకమట్టి పట్టేసుకుంటుంది.

వనామీ రక్తానికీ నీటికీ సమతూకం కుదిరేది సుమారు 25 పి.పి.టి. దగ్గర. 5లో బతికే రొయ్య రాత్రింబవళ్లు మొప్పలతో లవణాలను లాక్కుంటూనే ఉండాలి. మొప్ప కణాల్లో ఒక పంపు ఉంది. మూడు సోడియం అయాన్లను రక్తంలోకి నెట్టి, రెండు పొటాషియం అయాన్లను కణంలోకి తీసుకుంటుంది. మెగ్నీషియం తోడు లేనిదే దానికి శక్తి అందదు. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ 1957లో ఈ పంపు గురించి ప్రకటించింది పీత కాలి నరాలను పరీక్షించాకే. 1997లో ఆయనకు నోబెల్ వచ్చింది. పీత మన రొయ్యకు దగ్గర చుట్టం! పొటాషియం తగ్గితే ఈ పంపు మందగిస్తుంది, కండరాలు పట్టు తప్పుతాయి. మీరు చూసిన వంపు దానివల్లే కావచ్చు. ఎండవేళ వల తీసినా రొయ్యలు అలా బిగుసుకుంటాయి కాబట్టి తెల్లవారుజామున ఒకసారి తీసి చూడండి.

గుల్ల సంగతి వేరు. కొత్త గుల్ల గట్టిపడటానికి కావలసిన కాల్షియాన్ని రొయ్య ఎక్కువగా నీటి నుంచే తీసుకుంటుంది. అలాగని సున్నం ఇక చల్లకండి, దయచేసి. పి.హెచ్. పెరిగితే నీటిలోని అమ్మోనియా మరింత విషమవుతుంది.

ముందు పొటాషియం, మెగ్నీషియం, కాల్షియం విడివిడిగా ల్యాబులో పరీక్ష చేయించండి. పొటాషియం లీటరుకు 25 మిల్లీగ్రాములు వచ్చిందనుకుందాం. పైన చెప్పిన 55కి చేరాలంటే ఇంకో 30 పెంచాలి, అంటే ఘనపు మీటరు నీటికి 30 గ్రాములు. మీటరు లోతున్న ఎకరం చెరువులో నీరు సుమారు 4,000 ఘనపు మీటర్లు కాబట్టి 120 కిలోల పొటాషియం కావాలి. ఎరువుగా దొరికే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌లో (పొటాషియం క్లోరైడ్) సగమే పొటాషియం, అందువల్ల 240 కిలోలు. ఒక్కరోజే గుమ్మరించకండి. నీళ్లలో కరిగించి, నీటికి గాలి అందించే ఏరియేటర్లు తిరుగుతుండగా విడతలుగా పోయండి. చెరువు అడుగు మట్టి కొంత లాగేసుకుంటుంది, వారం తర్వాత మళ్లీ పరీక్ష తప్పదు. మెగ్నీషియం, కాల్షియం లెక్క మాత్రం రిపోర్టు చూడకుండా చెప్పలేను. ఆ అంకెలు రాయండి.