పెళ్లి కానుకగా మొదటిసారే డబుల్ వెడ్డింగ్ రింగ్ బొంత కుట్టవచ్చా?

ఫ్రెండ్ పెళ్లి మూడు నెలల్లో ఉంది, ఇంతవరకు దిండు గలీబులే కుట్టాను, ఉంగరాలు ఒకదానిలో ఒకటి అల్లుకున్నట్టుండే ఆ డిజైన్ నావల్ల అవుతుందా అని కదా మీ ప్రశ్న. మంచానికి సరిపడా అయితే వద్దనే అంటాను, చిన్న సైజులో అయితే నిక్షేపంగా మొదలుపెట్టండి.

ఇందులో కష్టమంతా వంపులదే. ఒక్కో వంపు చిన్న చిన్న ముక్కలు అతికితే తయారవుతుంది, కుట్టు మార్జిన్ పావు అంగుళం కచ్చితంగా ఉండాలి. మార్జిన్ ఒక్క మిల్లీమీటరు ఎక్కువైనా ప్రతి అతుకు దగ్గరా రెండు మిల్లీమీటర్లు పోతాయి, ఎనిమిది అతుకులయ్యేసరికి అర అంగుళం దాటి తేడా వచ్చి వంపు మధ్య గుడ్డకి అస్సలు సరిపోదు. పైగా ఏటవాలుగా కత్తిరించిన అంచు సాగిపోతుంది కాబట్టి, కత్తిరించే ముందే బట్టకి గంజి పెట్టి ఇస్త్రీ చేసుకోండి. కుట్టేటప్పుడు రెండు ముక్కలకీ సరిగ్గా నడిమిన గుర్తు పెట్టి, ఆ గుర్తులు కలిపి, అక్కడి నుంచి చివరలకి గుండుసూదులు పెట్టి, లోపలికి వంగిన ముక్క పైన ఉండేలా నెమ్మదిగా కుట్టాలి.

వైజాగ్ పూర్ణా మార్కెట్‌లో కొన్నా ఇంకెక్కడ కొన్నా నూలు బట్టే తీసుకోండి, కలంకారీ అయితే రంగు దిగడం ఆగేదాకా ముందే ఉతకండి. లోపల పల్చటి కాటన్ పొర చాలు, వైజాగ్ ఉక్కలో మందపాటి పాలిస్టర్ ఎవరు కప్పుకుంటారు చెప్పండి!

నాలుగు ఉంగరాలు కుట్టి సాదా దుప్పటి మధ్యలో అతికించేస్తే బొంత చుట్టూ అంచు వంపులుగా వచ్చే గొడవే ఉండదు. నేనైతే అదే చేస్తాను.