ఉస్తాద్‌కు పంపిన డబ్బు అప్పు కాదు

ప్రశ్న: మా పిల్లోడు అగ్నివీర్ ట్రైనింగులో ఉన్నాడు. ఉస్తాద్ (ట్రైనింగిచ్చే ఇన్‌స్ట్రక్టర్) రెండుసార్లు ఫోన్‌పేలో డబ్బులు వేయించుకున్నాడంట. తిరిగి అడిగినందుకు రాత్రిపూట ఒక్కణ్ణే స్టోర్ వెనక్కి పిలిచి రగడా (శిక్షగా ఒళ్లు హూనమయ్యే కసరత్తు) ఇస్తున్నాడని ఫోన్లో ఏడ్చినాడు. పైకి చెప్తే ఇంటికి పంపిస్తారేమోనని భయం. ఏం చేయాల సార్?
- ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: ముందుగా అబ్బాయికి, తప్పు తనది కాదని చెప్పండి. గ్రౌండులో స్క్వాడ్ మొత్తానికి, మిగతా ఇన్‌స్ట్రక్టర్ల ఎదుట ఫ్రంట్ రోల్ చేయించినా, పిట్టూ (వీపు మీద బరువు సంచి) వేసి పరిగెత్తించినా అది కఠినమైన శిక్షణే. చీకట్లో ఒక్కణ్ణే పిలిచి, డబ్బు అడిగిన కోపంతో చేయించేది శిక్షణ కాదు. ఆర్మీ చట్టం 1950లో సెక్షన్ 47 కింద కింది వాణ్ణి హింసించినవారికి కోర్టు మార్షల్‌లో (సైనిక కోర్టులో) ఏడేళ్ల దాకా జైలు పడవచ్చు. అధికారం లేకుండా డబ్బుగానీ చాకిరీగానీ రాబట్టుకుంటే సెక్షన్ 53 కింద పదేళ్ల దాకా. కాదనలేని కుర్రాడి దగ్గర తీసుకున్నదానికి అప్పు అని పేరు పెట్టినా అది వసూలే.

రుజువులు ఈ రోజే పోగుచేయండి. ఆ రెండు చెల్లింపుల యూటీఆర్ (లావాదేవీ గుర్తింపు) నంబర్లున్న బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎక్కడ, ఏమన్నాడు, ఎవరు చూశారు అన్నది అబ్బాయి తన చేత్తో ఏ రోజుది ఆ రోజే రాసుకోవాలి. దెబ్బ తగిలితే సిక్ రిపోర్టు పెట్టి (ఒంట్లో బాగాలేదని రాయించుకుని) ఎంఐ రూమ్‌లో, అంటే యూనిట్ వైద్యశాలలో, అసలు కారణమే చెప్పాలి. చాలామంది పిల్లలు భయపడి "జారి పడ్డాను" అంటారు. ఆ మాట కాగితం మీదికి ఎక్కితే తర్వాత నిజం చెప్పినా నమ్మించడం కష్టం. రగడా తర్వాత ఒళ్లునొప్పులు విపరీతమై, మూత్రం డికాషన్ రంగులో వస్తే కండరాలు దెబ్బతిని కిడ్నీల మీద భారం పడుతోందని అర్థం. తెల్లారేదాకా ఆగకూడదు.

ఫిర్యాదుకు దారి అదే ఆర్మీ చట్టంలోని సెక్షన్ 26. కంపెనీ కమాండర్‌కు అర్జీ పెట్టుకోవాలి. ఆరోపణ ఆయన మీదే అయితే ఆయన పై అధికారికి. అందుకున్న అధికారి వీలైనంత పూర్తిగా విచారించి తీరాలి. అర్జీ ఆ ఉస్తాద్ చేతిమీదుగానే వెళ్లాల్సి వస్తే అక్కడే ఆగిపోతుంది. కాబట్టి కంపెనీ సీనియర్ జేసీవోను (సుబేదార్ స్థాయి అధికారిని) కలిసి, "కమాండర్ సాబ్‌తో ఇంటర్వ్యూ కావాలి" అని మాత్రం అడగమనండి. మీరు ఇటునుంచి సెంటర్ కమాండెంట్‌కు (శిక్షణ కేంద్రం అధిపతికి) రిజిస్టర్డ్ పోస్టులో ఒక పేజీ ఉత్తరం పంపండి. అందులో అబ్బాయి ఆర్మీ నంబరు, కంపెనీ, ప్లటూన్ రాసి స్టేట్‌మెంట్ నకలు జతచేయండి. రాయడానికి కడపలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సాయం అడగండి.

అబ్బాయి చెప్పకుండా ఇంటికి వచ్చేస్తే మాత్రం గైర్హాజరు నేరం అతని మీదే పడుతుంది. ఉస్తాద్‌ను బెదిరించినా, వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టినా అంతే. జరిగినదానికి ఒక్క మాట కూడా కలపొద్దు. తెలిసి తెలిసి అబద్ధపు ఆరోపణ చేయడం కూడా శిక్షార్హమే. ఇక ఉద్యోగం సంగతి: నాలుగేళ్ల తర్వాత 25 శాతం మంది దాకా రెగ్యులర్‌లోకి తీసుకునే నిర్ణయం ఒక్క ఉస్తాద్ చేతిలో ఉండదు.

ప్రశ్న: ఇంటర్ చదివే మా అమ్మాయి ఎన్‌సీసీలో ఉంది. రిపబ్లిక్ డే క్యాంపు సెలక్షన్ పేరుతో ఇన్‌స్ట్రక్టర్ రాత్రిళ్లు మెసేజ్‌లు పెడుతూ, ప్రాక్టీసుకు ఒంటరిగా రమ్మంటున్నాడు.
- ఒక తల్లి, అనంతపురం

జవాబు: పంపకండమ్మా. మెసేజ్‌లు చెరపొద్దు, నంబరూ తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. ప్రిన్సిపాల్‌కూ ఎన్‌సీసీ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్‌కూ రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి. అమ్మాయికి 18 నిండకపోతే పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012 వర్తిస్తుంది. లైంగిక వేధింపని తెలిసినా పోలీసులకు చెప్పని సంస్థాధిపతికి ఏడాది దాకా జైలు పడవచ్చు. "అమ్మాయి కూడా బదులిచ్చింది కదా" అన్న మాట ఆ చట్టం ముందు చెల్లదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. 18 నిండితే కాలేజీ అంతర్గత ఫిర్యాదుల కమిటీకి మూడు నెలల్లోగా రాయాలి. ఆరు ప్రతులు ఇవ్వాలి, విచారణ 90 రోజుల్లో ముగించాలి.

ఇకమీదట ప్రాక్టీసులో మహిళా అధికారి గానీ లెక్చరర్ గానీ ఉండాలని, మెసేజ్‌లు గ్రూపులోనే పెట్టాలని, సెలక్షన్ మార్కులు నోటీసు బోర్డులో వేయాలని మిగతా తల్లిదండ్రులతో కలిసి అడగండి. మార్కులు అందరికీ కనిపిస్తే ఒంటరిగా రమ్మనడానికి సాకు దొరకదు.