కెన్యాలో బోర్డింగ్ స్కూల్లో వేస్తే పిల్లవాడు నిజంగా ఎదుగుతాడా?

మీ వారికి కెన్యాలో ఉద్యోగం వచ్చిందని, తొమ్మిదో తరగతి చదువుతున్న బాబును అక్కడి బోర్డింగ్ స్కూల్లో వేయాలా వద్దా తేల్చుకోలేకపోతున్నామని రాశారు. మార్కుల సంగతి తర్వాత, మనిషిగా ఎదుగుతాడా, లేక బెంగతో నలిగిపోతాడా అన్నది మీ ప్రశ్న. నేను 2005 నుంచి 2008 దాకా పశ్చిమ కెన్యాలో ఒక ప్రభుత్వ బోర్డింగ్ స్కూల్లో ఫామ్ వన్ నుంచి ఫామ్ ఫోర్ వరకు, అంటే మన తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా, చదివాను. చూసింది చూసినట్టు చెప్తాను. స్కూలును మీరు సరిగా చూసి ఎంచుకుంటే తప్పకుండా ఎదుగుతాడు. బెంగ కూడా ఉంటుంది. మొదటి టర్మ్ అంతా ఉంటుంది, దానికి మందు లేదు.

ముందు మా ఇంటి సంగతి. మా నాన్న తణుకు వైపు చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి, తర్వాత కెన్యాలోని చెరకు ప్రాంతంలో ఒక మిల్లుకు వెళ్లారు. నైరోబీ, మొంబాసాల్లో ఉండే మనవాళ్లు ఎక్కువగా పిల్లల్ని బ్రిటిష్ సిలబస్ ప్రైవేటు స్కూళ్లలో వేస్తారు, సాయంత్రానికి పిల్లలు ఇంటికి వచ్చేస్తారు. మిల్లు క్వార్టర్స్‌లో ఉన్న మాకు అది కుదిరే పని కాదు. ఊళ్లోనే ప్రైమరీ చదివి, అప్పట్లో ఎనిమిదో తరగతి చివర ఐదొందల మార్కులకు పెట్టే కేసీపీఈ పరీక్ష రాసి, వచ్చిన మార్కులను బట్టి సీటు తెచ్చుకున్నాను. మంచి మార్కులు వచ్చిన పిల్లవాడు ఇల్లు వదిలి దూరంగా బోర్డింగ్‌కి వెళ్లడాన్ని అక్కడ ఎంతో గౌరవంగా చూస్తారు. 1906లో మొదలైన మసేనో, 1926లో మొదలైన అలయన్స్ లాంటి పాత మిషన్ స్కూళ్ల నాటి నుంచి వస్తున్న అలవాటు అది. పిల్లవాడి రేకు పెట్టె కొనడానికి మేనమామలు, పెదనాన్నలు తలా కొంత వేసుకునే ఇళ్లు నేను చూశాను.

హాస్టల్ అనగానే మనవాళ్ల కళ్ల ముందు మెదిలేది ఇంటర్ కార్పొరేట్ కాలేజీ. గదిలో మంచాలు, మెస్సు, స్టడీ అవర్స్, వీక్లీ టెస్టులు, ర్యాంకుల జాబితా. అక్కడ పిల్లవాడి పని చదవడం ఒక్కటే, మిగతావన్నీ ఇంకెవరో చేసిపెడతారు. మా స్కూల్లో కూడా చదువు ఒత్తిడికి తక్కువేం లేదు. తెల్లవారుజామున ఐదింటికి గంట కొడితే చీకట్లోనే ప్రెప్‌కి, అంటే తరగతిలో కూర్చుని సొంతంగా చదువుకోవడానికి, వెళ్లేవాళ్లం, రాత్రి భోజనం అయ్యాక మళ్లీ ప్రెప్. ఫామ్ ఫోర్ చివర కేసీఎస్ఈ పరీక్షకు పిల్లలు పడే టెన్షన్ మన ఎంసెట్ టెన్షన్‌కి తీసిపోదు. కానీ స్కూలు నడవడానికి కావలసిన పనిలో చాలా భాగం పిల్లలే చేయాలి. డార్మెటరీ ఊడవడం, తడిబట్ట పెట్టడం, మరుగుదొడ్లు కడగడం, గడ్డి కోయడం, గంట కొట్టడం, లైబ్రరీ పుస్తకాలు సర్దడం, అన్నీ పేర్లు రాసి పంచిన డ్యూటీలే. గంట కొట్టేవాడు నిద్రపోతే స్కూలంతా ఆలస్యం అవుతుంది. పధ్నాలుగేళ్ల పిల్లవాడికి ఆ సంగతి తెలియడం చాలా పెద్ద విషయం. నాలో వచ్చిన మార్పుకి మూలం అక్కడే ఉందని నా నమ్మకం. తెల్లవారుజామున లేవడం, చన్నీళ్ల స్నానం, బట్టలు ఉతుక్కోవడం కొద్ది వారాల్లో ఎవరికైనా అలవాటవుతాయి. మన పని మీద ఇంకో వందమంది ఆధారపడి ఉండటం మాత్రం వేరు.

తిండి గురించి తల్లులందరూ అడుగుతారు కాబట్టి చెప్తాను. పొద్దున ఉజి అనే పల్చని జావ, పది గంటలకు టీ, మధ్యాహ్నం ఎక్కువ రోజులు గిథేరి, అంటే మొక్కజొన్న గింజలు చిక్కుళ్లు కలిపి ఉడికించింది. రాత్రి ఉగాలి, సుకుమా వికీ. ఉగాలి తెల్ల మొక్కజొన్న పిండితో గట్టిగా కెలికి చేస్తారు, మన సంకటి లాంటిదే. సుకుమా వికీ అంటే సన్నగా తరిగి వేయించిన ఆకుకూర. వారంలో ఒకటి రెండు రోజులు తప్ప మాంసం ఉండదు, శాకాహారి పిల్లవాడికి కూడా కడుపు నిండుతుంది. కారం మాత్రం ఉండదు. అమ్మ ఇచ్చిన ఆవకాయ సీసా మా డార్మెటరీలో రెండు రోజులు కూడా ఆగలేదు, అందరూ రుచి చూశారు.

ఫామ్ త్రీ మధ్యలో నన్ను డైనింగ్ హాల్ క్యాప్టెన్‌గా పెట్టారు. బయటినుంచి చూసేవాళ్లకు అది చిన్న పదవి. ఉగాలి పెద్ద ట్రేలో పలకలా వస్తుంది. బల్లకు ఒకడు దాన్ని ప్లేటు అంచుతో కోసి ముక్కలు చేస్తాడు, కోసినవాడు తన ముక్క ఆఖర్న తీసుకోవాలి. మాంసం ఉన్న రోజు అసలు పరీక్ష. కూర పెద్ద గిన్నెలో వస్తుంది, ముక్కలు అడుగున ఉంటాయి. వడ్డించేవాడు నచ్చనివాడికి గరిటె పైపైన ముంచి పులుసు పోస్తాడు, స్నేహితుడు వస్తే గరిటె అడుగుదాకా దించుతాడు. దీని మీదే గొడవలన్నీ. ప్రతి ప్లేటుకీ ముందు గిన్నె అడుగునుంచి ఒకసారి కలిపి, తర్వాతే గరిటె ముంచాలని నేను పట్టుబట్టాను. వడ్డన ఆలస్యమవుతోందని సీనియర్లు అరిచారు. కొన్నాళ్లు ప్రతి గిన్నె దగ్గరా నిలబడాల్సి వచ్చింది. ఆ తర్వాత నేను లేనప్పుడు కూడా కలిపే వడ్డించేవాళ్లు. ఇప్పుడు నేను సైటులో ఇంజనీరుని, యాభై అరవైమంది పనివాళ్ల డ్యూటీలు, ఓవర్‌టైమ్ పంచాలి. ఎవరికి ఏం ఇస్తున్నామో అందరి కళ్ల ముందే జరగాలనే పట్టుదల నాకు ఆ గిన్నె దగ్గరే వచ్చింది.

2007 డిసెంబరు 27న అక్కడ ఎన్నికలు జరిగాయి. ఫలితం మీద మొదలైన గొడవ తెగల మధ్య కొట్లాటగా మారింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు, లక్షల మంది ఇళ్లు వదిలి పారిపోయారు. జనవరిలో స్కూలు తెరిచేసరికి మా తరగతిలో కొన్ని బల్లలు ఖాళీగా ఉన్నాయి. మా స్కూల్లో లుహ్యా, లువో, కాలెంజిన్, కిసీ, కికుయు పిల్లలందరూ ఉండేవాళ్లు, అంతవరకు ఎవరిది ఏ తెగ అన్నది పాటల పోటీల్లో తప్ప పెద్దగా పైకి వచ్చేది కాదు. ఆ టర్మ్ మొదటి వారం డైనింగ్ హాల్లో పిల్లలు ప్లేట్లు పట్టుకుని తమవాళ్ల బల్లల వైపు జరగడం మొదలుపెట్టారు. మాట్లాడుకోవడం కూడా సొంత భాషల్లో, గొంతు తగ్గించి.

మేం క్యాప్టెన్లం వెళ్లి డిప్యూటీ ప్రిన్సిపాల్‌తో మాట్లాడాం. పాత జాబితా ప్రకారమే కూర్చోవాలని తేల్చాం. ఆ రాత్రి నేను బల్ల బల్లకూ వెళ్లి పేర్లు చదివాను. ఒక లువో కుర్రాడు లేచి వెళ్లబోతే ఆపాను. "నువ్వు ముహిందీవి, ఇది నీ గొడవ కాదు" అన్నాడు. ముహిందీ అంటే ఇండియన్. కిసుములో మాకు తెలిసినవాళ్ల కొట్టు కూడా దోచుకుపోయారని, అయినా నేను రోజూ ఇదే హాల్లో ఇదే ఉగాలి తింటున్నానని చెప్పాను. వాడు కూర్చున్నాడు, తినలేదు. చాలా వారాలు భోజనాలు మాటల్లేకుండానే జరిగాయి. ఫిబ్రవరి 28న ఎన్నికల్లో తలపడిన ఇద్దరు నాయకులూ రాజీ ఒప్పందం మీద సంతకాలు చేశాక గాని హాల్లో మళ్లీ గోల మొదలవలేదు. మా డార్మెటరీలో ఒక కికుయు పిల్లవాడి ఇల్లు కాలిపోయింది, వాళ్లవాళ్లు ఎల్డొరెట్‌లో శిబిరంలో ఉన్నారు. వాడు టర్మ్ మధ్యలో చేతులూపుకుంటూ వచ్చాడు. దుప్పటి ఒకరు, చొక్కాలు ఒకరు, నోట్సులు ఒకరు ఇచ్చారు. ఆ రాత్రి లేచి వెళ్లబోయిన లువో కుర్రాడు తన రెండో జత బూట్లు ఇచ్చాడు. ఎవరూ చెప్పి చేయించలేదు.

మీ బాబుకి ఇంత పెద్ద పరీక్ష రావాలని నేను కోరుకోను. కానీ వేరే వేరే భాషలవాళ్లతో ఒకే గదిలో ఏళ్ల తరబడి ఉండటం అక్కడ మామూలు. స్వాహిలీ గురించి దిగులు పడకండి. తెలుగులాగే దాదాపు మాటలన్నీ అచ్చులతో ముగుస్తాయి, నోరు తొందరగా తిరుగుతుంది. పాఠం స్వాహిలీ వేరు, పిల్లలు మాట్లాడుకునే షెంగ్ వేరు, రెండోది ముందు వస్తుంది. సాయంత్రం ఆటలకు, పాటలకు తప్పకుండా పంపండి. నేను కాయిర్‌లో చేరి ఇసుకుటి డోళ్లకు అడుగు వేయడం నేర్చుకున్నాను. లుహ్యా వాళ్ల ఆ నాట్యాన్ని 2014లో యునెస్కో కాపాడుకోవలసిన వారసత్వంగా గుర్తించింది. పేపర్లో ఆ వార్త చదివిన రోజు నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఇక చెడు సంగతులు. ఫామ్ వన్ పిల్లల్ని మోనోలు అనేవాళ్లు. సీనియర్లకు నీళ్లు మోయడం, ప్లేట్లు కడగడం, పెట్టె తాళం పగలగొడితే నోరు మూసుకోవడం, ఇవన్నీ నేనూ పడ్డాను. దానివల్ల పిల్లలు గట్టిపడతారని అక్కడ కొందరు పెద్దలు అంటారు, నేను ఒప్పుకోను. నాతో చేరిన ఒక పిల్లవాడు మొదటి టర్మ్‌లోనే మానేసి వెళ్లిపోయాడు, బాగా చదివేవాడు. బడిలో కొట్టడాన్ని కెన్యా 2001లోనే నిషేధించినా మా రోజుల్లో బెత్తం పూర్తిగా పోలేదు. స్కూలు చూడ్డానికి వెళ్లినప్పుడు ప్రిన్సిపాల్ గదిలో కూర్చుని రాకండి. చిన్న తరగతి పిల్లలతో విడిగా మాట్లాడండి, రాత్రి లైట్లు ఆర్పాక డార్మెటరీలో పెద్దవాళ్లెవరు ఉంటారో అడగండి.

ఇంకోటి మంటలు. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు, తల్లిదండ్రులు చూసి తీరాల్సిన విషయం. 2001లో కియాంగులి స్కూలు డార్మెటరీ కాలి 67 మంది అబ్బాయిలు చనిపోయారు. 2024 సెప్టెంబరులో న్యేరీ జిల్లా ఎండరాషాలో 21 మంది చిన్నపిల్లలు. అక్కడి విద్యాశాఖ 2008లో ఇచ్చిన భద్రతా నియమాల ప్రకారం డార్మెటరీకి రెండు చివర్లా తలుపులు, మధ్యలో ఇంకో అత్యవసర ద్వారం ఉండాలి, కిటికీలకు ఊచలు ఉండకూడదు, మంచానికీ మంచానికీ మధ్య 1.2 మీటర్ల ఖాళీ ఉండాలి. మీ వారిని టేపు పట్టుకెళ్లమనండి. తలుపులు బయటికి తెరుచుకుంటున్నాయో లేదో, రాత్రి బయటినుంచి తాళం వేస్తున్నారో చూడమనండి. ఊచలున్న కిటికీలు కనిపిస్తే ఆ స్కూలుకి ఎంత పేరున్నా వద్దు.

చదువు పద్ధతి కూడా మారింది. ఎనిమిదేళ్ల ప్రైమరీ, నాలుగేళ్ల సెకండరీ, నాలుగేళ్ల యూనివర్సిటీ అని 1985 నుంచి ఉన్న 8-4-4 విధానం పోతోంది, కేసీపీఈ ఆఖరుసారి 2023లో జరిగింది, 8-4-4 వాళ్ల చివరి కేసీఎస్ఈ 2027లో. కొత్త విధానంలో మీ బాబు వయసు పిల్లలు పదో గ్రేడులో సీనియర్ స్కూల్‌కి వెళ్తారు. 2026 జనవరిలో ఆ మొదటి బ్యాచ్ చేరింది. సైన్సు, సోషల్, కళలు-ఆటలు అని మూడు దారులు, ఒకటి ఎంచుకోవాలి. అక్కడ విద్యా సంవత్సరం జనవరిలో మొదలవుతుందని గుర్తుపెట్టుకోండి, మన జూన్ లెక్కతో వెళ్తే మధ్యలో పడతాడు. తిరిగి ఇక్కడ ఇంజనీరింగో డిగ్రీయో చదివించాలనుకుంటే ఏఐయూ (భారత విశ్వవిద్యాలయాల సంఘం) నుంచి ఈక్వివలెన్స్ సర్టిఫికెట్, అంటే అక్కడి చదువు ఇక్కడి చదువుతో సమానమనే పత్రం, కావాలి. నేను కాకినాడలో చేరేటప్పుడు దానికోసం తిరిగిన తిరుగుడు గుర్తుంది. కాబట్టి ఆ సర్టిఫికెట్ల పని ఆఖరు ఏడాది మొదట్లోనే మొదలుపెట్టండి. ఆరేడేళ్ల పసివాడినైతే బోర్డింగ్‌లో వేయొద్దని గట్టిగా చెప్పేవాణ్ని. పద్నాలుగు, పదిహేను దాటిన పిల్లవాడు తనకూ ఇష్టమంటే వేయండి. అతన్ని అడగకుండా మాత్రం నిర్ణయించకండి.

స్కూళ్లలో ఫోన్లు ఉండనివ్వరు, అందుకే విజిటింగ్ డేని పిల్లలు ఎంత ఎదురుచూస్తారో మాటల్లో చెప్పలేను. ఆ రోజు మైదానంలో చెట్ల కింద కుటుంబాలన్నీ చాపలు పరుచుకుని కూర్చుంటాయి. దూరం వల్లో డబ్బుల్లేకో తల్లిదండ్రులు రాని పిల్లలు చాలామందే ఉంటారు, వాళ్లను స్నేహితుల ఇంటివాళ్లు పిలిచి కూర్చోబెట్టుకుంటారు. మా అమ్మ రాలేని టర్మ్‌లో ఒక కిసీ వాళ్ల అమ్మగారు నా ప్లేటులో చపాతీలు, కోడికూర రెండోసారి కూడా వడ్డించారు. మీరు వెళ్లేటప్పుడు పులిహోర ఒక్కడికే కాకుండా నలుగురైదుగురు మగపిల్లలకు సరిపడా కలుపుకుని వెళ్లండి.