ఈఈజీ నార్మల్, అయినా ఫిట్స్ మాత్రలా?

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు, ఇంటర్ చదువుతోంది. జూన్‌లో ఒకరోజు టిఫిన్ తినకుండా కాలేజీకి వెళ్లి, ప్రార్థనలో నిలబడి ఉండగా కళ్లు బైర్లు కమ్మి పడిపోయింది. మొహం పాలిపోయి, చేతులు కొట్టుకున్నాయట. నిమిషంలోపే లేచి నీళ్లడిగింది. గతంలో రక్తపరీక్షకు సూది గుచ్చినప్పుడూ ఇలాగే అయింది. ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) నార్మలే. అయినా ఫిట్స్ అని సోడియం వాల్‌ప్రోయేట్ మాత్రలు రాశారు. నలుగురికీ తెలిస్తే ఏమంటారోనని టెన్షన్‌గా ఉంది. మాత్రలు మానేయొచ్చా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ అంతట మీరు ఆపకండి. నిజంగా ఫిట్సే అయితే మాత్రలు హఠాత్తుగా మానేయడం ప్రమాదం. కానీ మీరు రాసింది చదివితే, అమ్మాయి కళ్లు తిరిగి స్పృహ తప్పిందనే నాకు గట్టిగా అనిపిస్తోంది. మెదడుకు రక్తం కాసేపు తగ్గినా చేతులు, కాళ్లు కొన్ని సెకన్లు కొట్టుకుంటాయి. పక్కనున్నవాళ్లు అది చూసే భయపడతారు.

పెద్ద ఫిట్స్ వస్తే సాధారణంగా ఒళ్లు ముందు బిగుసుకుపోతుంది. తర్వాత ఒకటి రెండు నిమిషాలు లయగా కొట్టుకుంటుంది. పెదాలు నీలంగా మారతాయి, నాలుక పక్కన తెగవచ్చు. ఆగాక కూడా చాలాసేపు మనుషుల్ని గుర్తుపట్టరు, మత్తుగా నిద్రపోతారు. బట్టల్లో మూత్రం పోవడాన్ని మాత్రం నమ్ముకోకండి, అది రెండింట్లోనూ జరుగుతుంది.

ఈఈజీ ఒక్కటే తీర్పు చెప్పలేదు. ఫిట్స్ జబ్బు ఉన్నవాళ్లలోనూ నార్మల్‌గా రావచ్చు, ఏ జబ్బూ లేని కొందరిలో తేడాలూ కనిపించవచ్చు. అందుకే నాకు ఫైలు కంటే పడినప్పుడు పక్కన నిలబడ్డ స్నేహితురాలు ముఖ్యం. ఆ స్నేహితురాలిని కూడా న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి, కుదరకపోతే ఫోన్‌లోనైనా మాట్లాడించండి. మళ్లీ జరిగితే ఎవరైనా వీడియో తీస్తే ఇంకా మేలు.

రెండు విషయాలు ఆలస్యం చేయొద్దు. ఒకటి, ఈసీజీ. కొన్ని గుండె లయ జబ్బులు అచ్చం ఫిట్స్‌లాగే కనిపిస్తాయి. పరుగెత్తుతూ పడిపోయినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా తప్పకుండా డాక్టరుకు చెప్పండి. రెండోది ఆ మందు. ముందుముందు గర్భం వస్తే వాల్‌ప్రోయేట్ కడుపులో బిడ్డకు హాని చేయగలదు. ఈ వయసు ఆడపిల్లలకు వీలైనంతవరకు వద్దంటాం. రోగనిర్ధారణే అనుమానంగా ఉన్నప్పుడు దాన్ని కొనసాగించాలా అని ఈ వారంలోనే అడగండి.

ఈలోగా టిఫిన్ మాన్పించకండి, నీళ్లు బాగా తాగించండి. కళ్లు తిరుగుతున్నట్టు అనిపించగానే సిగ్గుపడకుండా అక్కడే పడుకుని కాళ్లు ఎత్తి పెట్టుకోమనండి.