పాత కస్టమర్లు కొత్తవాళ్లను తీసుకురావాలంటే ఏం చేయాలి?

చీరల షాపు సంగతే తీసుకుందాం. "మీవాళ్లకు చెప్పండి" అని బోర్డు పెట్టినంత మాత్రాన ఎవరూ చెప్పరు. అడగడానికి ఒక సమయం ఉంటుంది. పెళ్లి బట్టలు కొన్నావిడ, చీర అందరూ మెచ్చుకున్నారంటూ మళ్లీ వచ్చినప్పుడు రెండు కూపన్లు చేతిలో పెట్టి, "మీ పేరు చెప్పి ఎవరొచ్చినా ఫాల్, పికో ఉచితంగా చేయిస్తామమ్మా" అనండి.

లాభం ముందు కొత్తవాళ్లకు కనిపించాలి. ఇదే అసలు కీలకం. తనకు కమీషన్ వస్తుందంటే చుట్టాలకు చెప్పడానికి ఆవిడకే మొహమాటం. వాళ్లకు మేలు జరుగుతుందంటే ధైర్యంగా చెబుతుంది. ఆవిడకిచ్చే తగ్గింపు తర్వాతి బిల్లులో, అడిగించుకోకుండా ఇవ్వండి. "మీ తోటికోడలు గారు వచ్చారు, మీ పేరు మీద 200 రూపాయలు రాసుకున్నాం" అని అదే రోజు వాట్సాప్ పెట్టండి. నెల తర్వాత చెబితే ఆ ఉత్సాహం ఉండదు.

బిల్లు కొట్టేటప్పుడు "ఎవరు చెప్పారండీ?" అని అడిగి రాసుకోవడం సేల్స్ వాళ్లకు అలవాటు చేయాలి.

పరిచయం చేసినందుకు ఇచ్చే తగ్గింపు మాత్రం ఒక్క మెట్టుతో ఆగాలి. అంటే ఆవిడ పంపినవాళ్లు ఇంకొకరిని తెస్తే, దానికి కూడా ఆవిడకు ఇవ్వకూడదు. సభ్యులను చేర్పిస్తే డబ్బులొస్తాయనే గొలుసుకట్టు పథకాలను 1978లోనే చట్టం చేసి నిషేధించారు.